ఏసీ టన్నులు తేలేది తొలి స్కెచ్‌లోనే

ప్ర: ఎండలు మండే ప్రాంతంలో మూడంతస్తుల ఆఫీసు కడదామనుకుంటున్నాం. ప్లాను ఇంకా మొదలవలేదు. ఎలివేషన్ (భవనం బయటి రూపం) ఖరారయ్యాక ఏసీ ఇంజనీరును పిలిస్తే చాలదా?

జ: అప్పటికి ఆయన చేయగలిగేది లెక్క కట్టి టన్నులు చెప్పడమే. భవనం ఎటు తిరిగి ఉంది, ఏ గోడకు ఎంత అద్దం ఉంది అన్నవే ఆ టన్నులను పెంచుతాయి, తగ్గిస్తాయి. ఆర్కిటెక్టును, స్ట్రక్చరల్ ఇంజనీరును, ఏసీ ఇంజనీరును పెన్సిల్ గీతల దశలోనే ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

భవనం పొడవు తూర్పు పడమరలుగా ఉంచి, పెద్ద కిటికీలు ఉత్తర దక్షిణాలకు ఇవ్వండి. ఎందుకో లెక్కలో చూద్దాం. ఉత్తర అక్షాంశం 20 డిగ్రీలు, దక్షిణం కిటికీ ఎత్తు 4 అడుగులు అనుకోండి. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు 70 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కిటికీ పై అంచున అడుగున్నర సన్‌షేడ్ ఉంటే అద్దం మొత్తం నీడలోకి వస్తుంది. డిసెంబరులో సూర్యుడు 46, 47 డిగ్రీలకు దిగుతాడు కాబట్టి కింది సగానికి పైగా ఎండ తగులుతుంది. చలికాలంలో అది ఇబ్బందేమీ కాదు. అదే కిటికీని పడమర గోడకు పెట్టండి. సాయంత్రం 30 డిగ్రీల ఎత్తు నుంచి ఎండ ఎదురుగా కొడుతుంటే దాదాపు 7 అడుగుల సన్‌షేడ్ కావాలి. అంత ఎవరు కడతారు? అందుకే పడమర వైపుకు మెట్లు, లిఫ్టు, టాయిలెట్లు, స్టోరు తోసేయండి. స్థలం ఆకారం ఒప్పుకోకపోతే బయటివైపు జాలీయో, నిలువు పలకలో పెట్టాలి. లోపల కర్టెన్ వేసేసరికి వేడి అద్దం దాటి వచ్చేసి ఉంటుంది.

గది లోతు సంగతి చాలామంది మరిచిపోతారు. పగటి వెలుతురు పనికొచ్చేది కిటికీ పై అంచు ఎత్తుకు సుమారు రెండింతల దూరం వరకే. పై అంచు 7 అడుగులుంటే 14 అడుగుల లోపలికి. అంతస్తు వెడల్పు 60 అడుగులైతే నడిమి భాగంలో పట్టపగలే లైట్లు, వాటి వేడిని తీయడానికి మళ్లీ ఏసీ.

ఇలాంటి రెండు మూడు ఆకారాలను ఉత్త పెట్టెల్లా గీసి, భవనం కరెంటు వాడకాన్ని లెక్కగట్టే, ఉచితంగా దొరికే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌లో పోల్చి చూడమనండి. ఆ దశలో తలుపుల వివరాలు అక్కర్లేదు.

ప్ర: డబుల్ గ్లాస్ వేస్తే పడమర అద్దం గోడ ఉంచుకోవచ్చా?

జ: మామూలు తెల్లద్దాలు రెండు కలిపితే గాలి వేడి లోపలికి పాకడం సగానికి తగ్గుతుంది. కానీ మీ బాధ ఎండతో. ఒంటి అద్దం ఎండ వేడిలో సుమారు 80 శాతం లోపలికి వదిలితే, ఈ జంట అద్దం 70 శాతం వదులుతుంది. కొనేటప్పుడు ‘ఎస్‌హెచ్‌జీసీ’ అంకె, అంటే ఎండ వేడిలో అద్దం లోపలికి వదిలే వంతు, అడగండి. వేడి ప్రాంతంలో అది 0.3 దాటకుండా చూసుకోండి. అయినా గోడలో అద్దం తగ్గించడమే చవక.

ప్ర: శ్లాబు కింద, ఫాల్స్ సీలింగ్ పైన ఫోము పరిస్తే సరిపోదా?

జ: గదికి కొంత మేలే. శ్లాబు మాత్రం రోజూ కాగి, రాత్రి చల్లారి, సాగుతూ ముడుచుకుంటూ పగుళ్లిస్తుంది. ఫోము పైనే ఉండాలి. శ్లాబు మీద వాలు కాంక్రీటు, వాటర్‌ప్రూఫింగ్, 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోము) పలకలు, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలే సింథటిక్ గుడ్డ), స్క్రీడ్ (సిమెంటు, ఇసుక పొర), లేతరంగు టైల్స్, ఈ వరసలో. 150 మి.మీ. కాంక్రీటు కంటే ఈ 50 మి.మీ. ఫోము పది రెట్లకు పైగా వేడిని ఆపుతుంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఈ పొరలన్నీ కలిపి 6 అంగుళాలు దాటుతాయి. మెట్లగది గడప ముందే ఎత్తుగా గీయకపోతే వాన నీళ్లు లోపలికి వస్తాయి. అప్పుడు మేస్త్రీ చేసే మొదటి పని ఫోము తీసేయడం! పొరల బరువు కూడా స్ట్రక్చరల్ లెక్కలో చేరాలి.

ప్ర: ఏసీ ఒక సైజు పెద్దది వేసుకుంటే నిశ్చింత కదా?

జ: కాదు. మామూలు కంప్రెసర్ గదిని గబగబా చల్లార్చి ఆగిపోతుంది, గాలిలో తేమ తీయడానికి సమయం చాలదు. ఒళ్లు జిడ్డుగా ఉంటే జనం ఉష్ణోగ్రత ఇంకా తగ్గిస్తారు. చదరపు అడుగులతో టన్నులు తేల్చేవారిని నమ్మకండి. అద్దం, నీడ, ఫోము వివరాలిచ్చి గదివారీ లెక్క చేయించుకోండి.