లక్ష రూపాయల లెక్కతో మొదలుపెట్టు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న అందింది. "ఐక్యరాజ్యసమితికి డబ్బులు ఎవరిస్తారు టీచర్?" అని పిల్లాడు అడిగితే సరిగ్గా చెప్పలేకపోయానని బాధపడ్డావు. బాధపడకు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను, ఐరాస అంగాల పేర్లు వల్లె వేయించాను గానీ వాటికి నూనె ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. అది నా తప్పు. నువ్వు చెయ్యకు.

పాఠం తెరవకముందే మన మురుగు కాలువ చందా పుస్తకం చూపించు. దీనితోపాటు పంపుతున్నాను. నాలుగు గడులు: పేరు, ఎకరాలు, చందా, బాకీ. గుర్రపుడెక్క తీయించడానికి, పూడిక తోడించడానికి ఎకరానికి ఇంతని వేసుకున్నాం. కౌలుకు చేసుకునేవాళ్లకి తగ్గించాం. ఐరాస లెక్క కూడా ఇదే పద్ధతి. అక్కడ ఎకరాల బదులు దేశ ఆదాయం చూస్తారు. అప్పుల భారం ఉన్నవాళ్లకి, తలసరి ఆదాయం తక్కువున్నవాళ్లకి తగ్గిస్తారు. మూడేళ్లకోసారి సర్వప్రతినిధి సభ ఆ పట్టికను తిరగరాస్తుంది.

శాతాలు చెబితే పిల్లలకి ఎక్కదు. బోర్డు మీద లక్ష రూపాయల ఖర్చు అని రాసి పంచు. 2022-24 పట్టిక ప్రకారం అమెరికా 22,000, చైనా 15,254, జపాన్ 8,033, మన దేశం 1,044. తువాలు అనే చిన్న ద్వీపదేశం ఒక్క రూపాయి. అంతకంటే తక్కువ ఎవరికీ వెయ్యరు, 22 వేలు దాటి కూడా ఎవరికీ వెయ్యరు. ఆ పై హద్దు ఒకప్పుడు 25 వేలు, 2000లో తగ్గించారు. ఇప్పటి పట్టికలో చైనా వంతు 20 వేల దాకా వచ్చేసింది. చీటీలు రాసి పిల్లల చేతికివ్వు. తర్వాత ఏదో ఒక తీర్మానం పెట్టి చేతులెత్తించు. రూపాయి పిల్లదీ ఒక చెయ్యే, 22 వేల పిల్లాడిదీ ఒక చెయ్యే. సర్వప్రతినిధి సభలో అంతే. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో మాత్రం కోటా, అంటే దేశం కట్టే వాటా, పెద్దదైతే ఓటు బలమూ పెద్దదే. ఈ తేడా అప్పుడే చెప్పెయ్యి.

ఇక బాకీ గడి దగ్గర తీరిగ్గా ఆగు. ఒక సంవత్సరం ఒక మోతుబరి "నా చేను మెరక, నీళ్లు నిలవవు, నేనెందుకివ్వాలి" అన్నాడు. ఆయన్ని చూసి మరో నలుగురు ఆగారు. డబ్బు చాలక కాలువ చివర తోడకుండా వదిలేశాం. సార్వా కోతల ముందు వాన పట్టింది. దిగువ చేలు పది రోజులు నీళ్లలో నానాయి. ఒక ఆవిడ కంకి తుంచి నా చేతిలో పెట్టింది. గింజ గింజకీ తెల్లటి మొలక. ఆ కంకి ఇప్పటికీ మర్చిపోలేను.

సరిగ్గా ఇదే మాట ప్రపంచంలోనూ వచ్చింది. ఐరాస పంపిన సూయజ్, కాంగో శాంతి సేనల ఖర్చు మేమెందుకు భరించాలని సోవియట్ యూనియన్, కాంగో ఖర్చు విషయంలో ఫ్రాన్స్ మొండికేశాయి. అవి కూడా సంస్థ ఖర్చులేనని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం 9-5 ఓట్లతో అభిప్రాయం చెప్పింది. రెండేళ్ల వంతుకు సమానంగా బాకీ పడితే సభలో ఓటు పోతుందని ఐరాస నిబంధనావళి (చార్టర్) 19వ అధికరణం చెబుతుంది. అది అమలు చేస్తే సంస్థే చీలిపోతుందేమోనని 1964 సమావేశాలను దాదాపు ఓటింగే లేకుండా నడిపారు. ఇప్పటికీ పెద్ద దేశాల బాకీలు మోసేది సైనికుల్ని పంపే మనలాంటి దేశాలే. మనకు తిరిగి రావలసిన సొమ్ము ఆలస్యమవుతుంది.

చివరగా, తప్పక కట్టాల్సిన వంతు వేరు, ఇష్టంతో ఇచ్చే విరాళం వేరు. దీన్ని మాత్రం వదలకు. పిల్లల కోసం పనిచేసే ఐరాస సంస్థ యునిసెఫ్ మొత్తం విరాళాల మీదే నడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు సభ్య దేశాల వంతులు ఖర్చులో అయిదో వంతుకు కూడా రాకుండా పోయాయి. మిగతాదాంట్లో చాలా భాగం ఇచ్చినవాళ్లు చెప్పిన పనికే వాడాలి. గుడి సంగతి చెప్పు, పిల్లలకి తెలుస్తుంది. గాలిగోపురానికి రంగులెయ్యమని లక్షలిచ్చేవాళ్లు ఉంటారు, నిత్య దీపారాధన నూనెకు ఇచ్చేవాళ్లు దొరకరు. అందుకే మూల బడ్జెట్‌లో సగం వంతుల నుంచే రావాలని, 2030-31 నాటికి అక్కడికి చేరాలని 2022లో ఆ సంస్థ సభ్యులు లక్ష్యం పెట్టుకున్నారు. నాకు అది మంచి నిర్ణయమనే అనిపిస్తుంది. రోగం వచ్చాక చందాలకి తిరిగితే ఏం లాభం?

ప్రపంచ తపాలా సంఘంలో మాత్రం ఏ తరగతి వంతు ఎత్తుకోవాలో దేశాలే ఎంచుకుంటాయి. సమయముంటే చెప్పు.

"అమెరికా డబ్బిస్తుంది కాబట్టి ఐరాస అమెరికాది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కోప్పడకు. తక్కిన 78 వేలు ఎవరివని అడిగి, చీటీలు పట్టుకున్న పిల్లల్ని నిలబెట్టు.

పుస్తకం జాగ్రత్త. మధ్య పేజీలు తడిసి అంటుకుని ఉన్నాయి, లాగొద్దు. వేసవిలో కాలువలు కట్టేసేలోపు పంపించెయ్యి, ఈసారి పూడిక పనికి మావాళ్లు పాత లెక్క అడుగుతున్నారు.

ఇట్లు,
మీ మాస్టారు