లువార్ కోటలకు పర్సనల్ లోనా? ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 39. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు రూ.1.20 లక్షలు వస్తాయి, ఏటా ఏప్రిల్‌లో రూ.1.40 లక్షల బోనస్. నా భార్య గృహిణి, బాబు ఎనిమిదో తరగతి. ఇంటి ఈఎంఐ రూ.34,000, ఇంటి ఖర్చులు రూ.33,000, స్కూలు, బస్సు ఫీజు రూ.9,000, అమ్మానాన్నల మందులకు రూ.5,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) రూ.10,000. పొదుపు ఖాతాలో రూ.1.60 లక్షలున్నాయి, వాటిని కదపను. మా పెళ్లై పదిహేనేళ్లు నిండుతున్నాయి. వచ్చే సెప్టెంబరులో ద్రాక్ష కోతల సమయానికి ఫ్రాన్స్‌లోని లువార్ లోయకు ఇద్దరం పది రోజులు వెళ్లి కోటలు, ద్రాక్షతోటలు చూడాలని ఉంది. ఖర్చు రూ.6.20 లక్షలు అవుతుంది (పట్టిక జత చేశాను). బ్యాంకు 14 శాతానికి మూడేళ్ల గడువుతో రూ.5 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. మిగతా రూ.1.20 లక్షలు క్రెడిట్ కార్డు మీద పెడతాను (లిమిట్ రూ.2 లక్షలు). లోన్ డబ్బు ముందే ఖాతాలో పడితే వీసాకు కూడా బాగుంటుందని ఏజెంట్ అన్నారు. లోన్ తీసుకోమంటారా, బంగారం తాకట్టు పెట్టడం మేలా?

జవాబు: రెండూ వద్దు. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఊరు మారుతుంది, తప్పు మాత్రం ఒకటే. ఈఎంఐ జీతంలో ఇముడుతుందా లేదా అని చూస్తున్నారు తప్ప, జీతం ఆగితే ఎన్నాళ్లు నెట్టుకురాగలరో చూడటం లేదు. అప్పు చేసి పప్పుకూడు తింటే తిట్టేవాళ్లే, అప్పు చేసి యూరప్ వెళ్తే ఫొటోలకు లైకులు కొడుతున్నారు.

మీ లెక్కే చూద్దాం. సిప్ పక్కన పెడితే, తప్పనిసరి ఖర్చులు నెలకు రూ.81,000. చేతిలో రూ.1.60 లక్షలు, అంటే రెండు నెలలకు కూడా ఓ రెండు వేలు తక్కువే. సంపాదించేది మీరొక్కరే కాబట్టి కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే రూ.4.86 లక్షలు ఉండాలి. ఇప్పుడు లోన్ కలపండి. రూ.5 లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలల ఈఎంఐ సుమారు రూ.17,090. మొత్తం వడ్డీ రూ.1.15 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి మరో రూ.11,800. తప్పనిసరి ఖర్చు రూ.98 వేలకు చేరింది. అంటే మీకు కావలసిన అత్యవసర నిధి రూ.4.86 లక్షల నుంచి రూ.5.88 లక్షలకు పెరిగింది, ఉన్నది మాత్రం అదే రూ.1.60 లక్షలు. అది 49 రోజులకు సరిపోతుంది. తిరిగొచ్చాక కార్డు బిల్లు రూ.1.20 లక్షలు అందులోంచే కట్టారనుకోండి, మిగిలేది రూ.40 వేలు. పన్నెండు రోజులు! కొత్త ఉద్యోగం కోసం మొదటి ఇంటర్వ్యూ పిలుపు రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

‘వాటిని కదపను’ అనే మాట కార్డు బిల్లు వచ్చే రోజు వరకే నిలుస్తుంది. కదపకపోతే కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ. రూ.1.20 లక్షల మీద నెలకు దాదాపు రూ.5 వేలు వడ్డీకే పోతుంది, అసలు కదలదు.

కార్డు లిమిట్‌నే అత్యవసర నిధి అనుకునేవాళ్లకు లువార్‌లో గట్టి దెబ్బ తగిలే చోటు కారు అద్దె కౌంటర్. లువార్ లోయలోని తూర్ నగరం పక్కన సాఁ-ప్యేర్-దె-కోర్ స్టేషన్‌లో పారిస్ రైలు దిగి కారు తీసుకుందామని కౌంటర్ దగ్గరికి వెళ్తారు. నడిపేవారి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలంటారు, డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. డిపాజిట్ కింద 1,200 యూరోలు బ్లాక్ చేశారనుకోండి. యూరోకు రూ.105 చొప్పున రూ.1.26 లక్షలు. మీ లిమిట్‌లో మిగిలేది రూ.74 వేలు. మీరేమో అదే కార్డు మీద రూ.1.20 లక్షలు ఖర్చు పెడదామనుకుంటున్నారు. కారు అప్పగించిన రోజే ఆ బ్లాక్ తొలగదు, కొన్ని రోజులు పడుతుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చి, డిపాజిట్ కట్టమంటే? తిరుగు టికెట్ తేదీ మార్చుకోవాలంటే? పొదుపు ఖాతాలో డబ్బుంటే ఫోన్‌లోంచే పంపేస్తారు. లేకపోతే షాంబోర్ కోట మెట్ల మీద కూర్చుని బంధువులకు ఫోన్లు చేసుకోవాలి.

ఇక ఏజెంట్ మాట. లోన్ డబ్బు ఒక్కసారిగా ఖాతాలో పడితే వీసా అధికారికి అది బలంగా కనిపించదు, అనుమానంగా కనిపిస్తుంది. మూడు నెలల స్టేట్‌మెంట్‌లో జీతం ఎలా వస్తోంది, ఎలా పోతోంది, నెలాఖరుకు ఎంత నిలుస్తోంది అన్నదే వాళ్లకు కావాలి. దాంతోపాటు జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, సెలవు మంజూరు పత్రం. ఖర్చులకు డబ్బుందని చూపడానికి, హోటల్ బుకింగులు ఉన్నవారికి ఫ్రాన్స్ పెట్టుకున్న కొలమానం మనిషికి రోజుకు 65 యూరోలు. ఇద్దరికి పది రోజులకు 1,300 యూరోలు, అంటే రూ.1.37 లక్షల లోపే. బుకింగులు లేకపోతే రోజుకు 120 యూరోలు చూపాలి. మీ దగ్గరున్న రూ.1.60 లక్షలతోనే ఆ గీత దాటారు, లోన్ అక్కర్లేదు. వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం రుసుము వేరే. తిరస్కరించినా వెనక్కి రాదు. అందుకే వీసా చేతికి రాకముందు రద్దు చేసుకోవడానికి వీల్లేని టికెట్లు, గదులు కొనకండి. లోన్ డబ్బు చేతిలో ఉన్నవాళ్లు ‘ఆఫర్ అయిపోతుంది’ అని మొట్టమొదట చేసేది అదే.

వీసా కోసం కనీసం 30 వేల యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు కదా. అది ఆ పది రోజులకే, మీ ఇద్దరికే. ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా దాంతోపాటే పోతుంది. మీ ముగ్గురికీ సొంతంగా ఒక ఫ్లోటర్ పాలసీ (కుటుంబమంతటికీ ఒకే ఆరోగ్య బీమా) తీసుకోండి, వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉందో లేదో మీరు రాయలేదు. ఇంటి లోన్ ఉన్నవారు ఆ సంగతి రాయడం మర్చిపోయారంటే సాధారణంగా లేదనే అర్థం.

మరి వెళ్లొద్దా? వెళ్లండి, ఒక సెప్టెంబరు ఆగి. సిప్ ఆపకుండానే మీకు నెలకు రూ.29 వేలు మిగులుతున్నాయి (ఆ డబ్బు ఇప్పుడు ఎటు పోతోందో మీకే తెలియాలి, ఖాతాలో అయితే కనిపించడం లేదు). ఈ అక్టోబరు నుంచి పదకొండు నెలలు అది పూర్తిగా అత్యవసర నిధికే వెళ్లాలి. రూ.3.19 లక్షలు పోగవుతాయి, ఉన్న రూ.1.60 లక్షలతో కలిపి రూ.4.79 లక్షలు. కొద్దిగా తగ్గినా వడ్డీ పూడుస్తుంది. సగం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైనప్పుడు పొదుపు ఖాతాలోంచే తీసుకోగల డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా డబ్బు చేసుకోగల తక్కువ రిస్కు ఫండ్) ఉంచండి. ఈక్విటీ ఫండ్‌లో వద్దు. జీతం వచ్చే ఖాతాలో అసలే వద్దు. ఆ తర్వాతి పన్నెండు నెలల రూ.3.48 లక్షలు, రెండు ఏప్రిల్ బోనస్‌లు రూ.2.80 లక్షలు కలిపితే రూ.6.28 లక్షలు. ఇది యాత్రకు. ఫ్లోటర్ ప్రీమియం కూడా ఇందులోంచే.

నిజానికి యాత్రకు అంత అవసరం లేదు. మీరు పంపిన పట్టికలో మొదట కొట్టేయాల్సింది కారు (రూ.55 వేలు). తూర్‌లో బస చేస్తే ఆంబ్వాజ్ లోకల్ రైల్లో ఇరవై నిమిషాలు. లియొనార్డో డావిన్సీ చివరి రోజులు గడిపి 1519లో కన్నుమూసిన క్లో ల్యూసే భవనం ఆ ఊళ్లోనే, సమాధి ఆంబ్వాజ్ కోటలోని చిన్న ప్రార్థన మందిరంలో. షేర్ నది మీద వంతెనలా కట్టిన షెనోన్సో కోటకు రైలు స్టేషన్ దాదాపు గేటు పక్కనే. టికెట్ కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఊరికీ స్టేషన్‌కీ పేరు చివర ఎక్స్ అక్షరం ఉంటుంది, కోట పేరుకు ఉండదు. అజె-ల-రిదో, షినోన్ కోటలు రెండూ తూర్ నుంచి ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. వీటిలో రైలు లేనిది షాంబోర్‌కే, సీజన్‌లో బ్ల్వా స్టేషన్ నుంచి బస్సు ఉంటుంది. తిరుగు బస్సు వేళ ముందే రాసుకోండి, అది తప్పిపోతే టాక్సీకి కోట టికెట్ కంటే ఎక్కువ అవుతుంది. రైళ్లు, బస్సులకు ఇద్దరికి రూ.15 వేలు పెట్టుకుంటే చాలు. షాంబోర్‌లో 2026 నుంచి యూరప్ బయటి సందర్శకులకు టికెట్ ధర ఎక్కువ. మిగతా కోటలకు సగటున 20 యూరోలు వేసుకున్నా, దీనికి కొంచెం ఎక్కువ రాసుకోండి.

కారు లేకపోతే ఇంకో గండం కూడా తప్పుతుంది. వూవ్రేలో షెనిన్ బ్లాంక్ (తెల్ల వైన్), షినోన్‌లో కాబెర్నే ఫ్రాంక్ (ఎర్ర వైన్) అంటూ ఒక్కో తోటలో నాలుగైదు గ్లాసులు రుచి చూపిస్తారు. ఫ్రాన్స్‌లో డ్రైవర్ రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటకూడదు. మద్యం తాగి చేసిన ప్రమాదానికి ట్రావెల్ పాలసీ సాధారణంగా పైసా ఇవ్వదు, అద్దె కారుకు జరిగిన నష్టానికి బీమా కూడా చేతులెత్తేస్తుంది. రుచి చూసిన వైన్‌ను అక్కడి గిన్నెలో ఉమ్మేయడం మర్యాదే, మొహమాటపడక్కర్లేదు. కోటలు కట్టిన తెల్లటి తుఫో రాయిని తవ్వగా మిగిలిన గుహలే వైన్ నిల్వ చేసే ఆ సెల్లార్లు. సెప్టెంబరులో కూడా లోపల 12 డిగ్రీలే, శాలువా పట్టుకెళ్లండి.

కోట హోటల్లో మూడు రాత్రుల బదులు ఒక్కటి చాలు, రూ.35 వేలు తగ్గుతాయి. షాపింగ్‌కు రాసుకున్న రూ.70 వేలు రూ.20 వేలు చేయండి. కారు బదులు రైలుతో మరో రూ.40 వేలు. మొత్తం రూ.4.95 లక్షలకు దిగింది.

కార్డు తీసుకెళ్లండి, ఖర్చుకు కాదు, ఆదుకోవడానికి. విదేశీ లావాదేవీపై మార్కప్ 3.5 శాతం, జీఎస్టీతో 4.13 శాతం. స్వైప్ మెషిన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలనే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటులో ఇంకోసారి కోస్తారు. రోజువారీ ఖర్చులకు ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు నయం.

బంగారం గురించి: వడ్డీ తక్కువే కావచ్చు, కానీ మీ ఇంట్లో ఇవాళ అత్యవసర నిధి లాంటిదంటూ ఉంటే అదొక్కటే, దాన్ని కూడా తాకట్టు పెడతానంటున్నారు. ఇంటి లోన్ మీద టాపప్ (అదే లోన్‌పై అదనపు అప్పు) మాట ఎత్తకండి. ప్యాకేజీ కొంటే ఏజెంట్ టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా డబ్బు చిక్కుకుంటుంది, బడ్జెట్‌లో కలుపుకోండి.

వచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం లేకుండా తేవచ్చు. వైన్ సీసా ముప్పావు లీటరు కాబట్టి తలకు రెండేసి. బట్టల్లో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.