బేస్‌బాల్‌తో ఇల్లు నిలబడుతుందా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. సొంతూరు తెనాలి. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు పదో తరగతి. స్కూల్ టీమ్‌లో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఆడతాడు. పెద్దయ్యాక కూడా బేస్‌బాలే ఆడతానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. మావారు కంప్యూటర్ సైన్స్ తప్ప వేరే మాట వినరు. నా బెంగ వేరు. ఏడాదిలో సగం రోజులు ఊళ్లు తిరిగేవాడికి పెళ్లి, పిల్లలు, ఒక ఇల్లు అంటూ ఉంటాయా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన ఆఖరి ప్రశ్న చాలా మంచిది. చాలామంది "మావాడు మేజర్ లీగ్‌కి వెళ్తాడా" అని అడుగుతారు. పదిహేనేళ్ల పిల్లాడిని చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. ఆ దారిలో బతుకు ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలం.

దాన్ని చూడటానికి మీరు దూరం వెళ్లక్కర్లేదు. మీ ఊళ్లోనే రఫ్‌రైడర్స్ జట్టు ఉంది. మేజర్ లీగ్ అంటే అన్నిటికన్నా పై స్థాయి. అందులో ఆడే టెక్సస్ రేంజర్స్‌కి ఇది డబుల్-ఏ జట్టు, అంటే రెండు మెట్లు కింద. అక్కడ ఆడే కుర్రాళ్లలో చాలామంది 22 నుంచి 25 ఏళ్ల వాళ్లు. స్కూల్లో, కాలేజీలో తమ జట్టుకి స్టార్లుగా ఉండి వచ్చినవాళ్లు. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ స్థాయిలో కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు. పై మెట్టయిన ట్రిపుల్-ఏలో 35,800. అంతకుముందు ఇందులో సగం కూడా ఉండేది కాదు. 2022 నుంచి ఉండటానికి చోటు కూడా క్లబ్బులే ఇస్తున్నాయి. మంగళవారం నుంచి ఆదివారం దాకా వరసగా ఆరు ఆటలు, సోమవారం సెలవు. ఆ సెలవు కూడా తరచుగా బస్సులోనే గడిచిపోతుంది.

రేంజర్స్ కుర్రాడు నార్త్ కరోలినాలోని హికరీ నుంచి సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌కి, అక్కడి నుంచి ఫ్రిస్కోకి, ఇక్కడి నుంచి ట్రిపుల్-ఏ జట్టున్న రౌండ్ రాక్‌కి, చివరికి రేంజర్స్ సొంత మైదానమున్న ఆర్లింగ్టన్‌కి చేరాలి. పైకి పిలిచినా కిందకి పంపినా రాత్రి చెబుతారు, పొద్దున్నే బయల్దేరాలి. పెళ్లయినవాడైతే సామాను సర్దేది, అద్దె ఇంటి లెక్కలు తేల్చేది, పిల్లల స్కూల్‌తో మాట్లాడేది భార్యే. మీ బెంగలో ఉన్న నిజం ఇదే. ఈ ఉద్యోగం ఒకరిది, దాని బరువు మోసేది ఇద్దరు.

ఇక పైస్థాయి. 30 జట్లు, ఒక్కో జట్టులో 26 మంది. అందులో సగం మంది బంతి విసిరే పిచర్లే. ఇన్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల దగ్గర, ఆడేవాళ్లు ఆరేడుగురు. అంటే దేశం మొత్తానికి సుమారు 200 చోట్లు. వాటితో సహా అన్ని స్థానాలకీ కలిపి ఏటా 20 రౌండ్ల డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) ఆరు వందల మందికి పైగా ఎంపికవుతారు. డొమినికన్ రిపబ్లిక్, వెనెజ్వేలా నుంచి వచ్చేవాళ్లు వీళ్లకి అదనం. అక్కడిదాకా వెళ్లినవాడికి 2026లో కనీస జీతం 7,80,000 డాలర్లు. 43 రోజులు మేజర్ లీగ్ జాబితాలో ఉంటే చిన్నదైనా పెన్షన్ హక్కు వస్తుంది. మూడేళ్లు నిలబడితే జీతం కోసం వాదించే వీలు, ఆరేళ్లు నిలబడితే నచ్చిన జట్టుతో బేరం చేసుకునే స్వేచ్ఛ వస్తాయి. పేపర్లో కనిపించే వందల మిలియన్ల కాంట్రాక్టులు చాలావరకు ఈ ఆరేళ్లు దాటినవాళ్లవే.

అక్కడికి వెళ్లాక కూడా ఇంట్లో ఉండే రోజులు తక్కువే. ఫిబ్రవరి నడిమికల్లా ఆరిజోనాకో ఫ్లోరిడాకో ప్రాక్టీస్‌కి వెళ్లాలి. తర్వాత ఆరు నెలల్లో 162 ఆటలు, వాటిలో 81 బయటి ఊళ్లలో. భార్య పురుడుకి సెలవు అన్న ఏర్పాటే 2011లో వచ్చింది, అదీ మూడు రోజులకి మించదు. 2014లో న్యూయార్క్ మెట్స్ సెకండ్ బేస్‌మన్ డానియల్ మర్ఫీ కొడుకు పుట్టినప్పుడు ఆ సెలవు తీసుకుని సీజన్ మొదటి రెండు ఆటలు ఆడలేదు. రేడియోలో కొందరు అతన్ని తప్పుపట్టారు. అంతకన్నా ఎక్కువ మంది అతని పక్షాన మాట్లాడారు.

మీరు తల్లి కాబట్టి ఫ్రెడ్డీ ఫ్రీమన్ సంగతి చెప్పాలనిపిస్తోంది. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కి ఫస్ట్ బేస్ ఆడతాడు. పదేళ్ల వయసులో తల్లిని చర్మ క్యాన్సర్‌తో పోగొట్టుకున్నాడు. ఎంత ఎండలోనైనా ఆమె గుర్తుగా పొడుగు చేతుల చొక్కాతోనే ఆడతాడు. 2024 వేసవిలో అతని మూడేళ్ల కొడుక్కి నరాలు దెబ్బతిని ఒళ్లు చచ్చుబడే గిలియన్-బారే సిండ్రోమ్ వచ్చి ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఫ్రీమన్ ఆట వదిలేసి కొడుకు మంచం పక్కనే ఉన్నాడు. ఎనిమిది ఆటలు పోయాయి. పిల్లాడు ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక అతను తిరిగి ఆటకి వచ్చిన రోజు స్టేడియం అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ ఏడాదే మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఇల్లు, పిల్లలు ఉంటాయమ్మా. అయితే అప్పటికే పేరున్నవాడికి ఎనిమిది ఆటలు మానడం ఒక లెక్క, డబుల్-ఏలో చోటు కోసం పోటీపడే కుర్రాడికి మరో లెక్క. పెళ్లి సంబంధం చూసే రోజు వస్తే ఈ తేడా అవతలి వాళ్లకి ముందే చెప్పాలి.

ఇప్పుడు మీవారి మాట. చదువు మానకూడదన్న దాంట్లో ఆయనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. చదువుకోసం ఆట మానాలన్నది మాత్రం అనవసరం. నాలుగేళ్ల కాలేజీలో చేరినవాడు మూడేళ్లు పూర్తయ్యాక, లేదా 21 ఏళ్లు నిండాక, మళ్లీ డ్రాఫ్ట్‌కి అర్హుడవుతాడు. మార్కస్ సెమియన్‌ని చూడండి. 2008లో స్కూల్ అయిపోగానే షికాగో వైట్ సాక్స్ జట్టు అతన్ని 34వ రౌండ్‌లో ఎంచుకుంది. సంతకం చేయకుండా బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్లాడు. ఖర్చు భరించలేక యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టునే ఎత్తేస్తామంది. పూర్వ విద్యార్థులు చందాలు పోగుచేసి నిలబెట్టారు. ఆ జట్టే 2011లో కాలేజీ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. అదే ఏడాది అదే వైట్ సాక్స్ అతన్ని ఆరో రౌండ్‌లో తీసుకుంది.

అక్కడితో అయిపోలేదు. 2015లో ఓక్లాండ్‌కి షార్ట్‌స్టాప్‌గా ఆడుతూ 35 తప్పులు చేశాడు, ఆ ఏడాది లీగ్‌లో ఇంకెవరూ అన్ని చేయలేదు. ఆ సీజన్ మధ్యలో కోచ్‌గా వచ్చిన రాన్ వాషింగ్టన్‌తో రోజూ ఆటకి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చిన్న గ్లవ్‌తో, వందల కొద్దీ గ్రౌండ్ బాల్స్ (నేల మీద దొర్లి వచ్చే బంతులు) అందుకున్నాడు. నాలుగేళ్లకి లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి ఓటింగ్‌లో మూడో స్థానం. 2021లో సెకండ్ బేస్‌లో ఉత్తమ ఫీల్డర్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు. తర్వాత రేంజర్స్‌తో ఏడేళ్లకి 175 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్, 2023లో వరల్డ్ సిరీస్ విజయం. మీ అబ్బాయికి ఈ కథలో డబ్బు భాగం కాకుండా ఆ మోకాళ్ల మీద ప్రాక్టీస్ భాగం చెప్పండి. ఎవరూ చూడని చోట అదే బంతిని వందోసారి అందుకోవడం వాడికి ఇష్టమేనా? ఇన్‌ఫీల్డర్ పనంటే ముప్పాతిక వంతు అదే.

ఎత్తు గురించి టెన్షన్ వద్దు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఆటగాడు హోసే ఆల్టూవే 5 అడుగుల 6 అంగుళాలు. పొట్టిగా ఉన్నావని మొదటి రోజు సెలక్షన్ నుంచి పంపేస్తే తండ్రి మళ్లీ వెళ్లమన్నాడు. 15,000 డాలర్లకి సంతకం చేసి, 2017లో అమెరికన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. మీవాడు మాత్రం సెకండ్ బేస్, థర్డ్ బేస్ కూడా ఇప్పటి నుంచే నేర్చుకోవాలి. స్కూల్లో షార్ట్‌స్టాప్‌లుగా వెలిగినవాళ్లలో చాలామంది పైకి వెళ్లేకొద్దీ ఆ పక్క స్థానాలకే మారతారు.

గాయాల మాట దాచను. బోస్టన్ సెకండ్ బేస్‌మన్ డస్టిన్ పెడ్రోయా 2017లో బేస్ దగ్గర తగిలిన దెబ్బతో మోకాలు పాడై, తర్వాతి రెండు సీజన్లలో తొమ్మిది ఆటలే ఆడగలిగాడు. అంత పెద్దవాడికే ఆట అలా ఆగిపోయింది. డిగ్రీ అందుకే కావాలి. ఒకవేళ మీవాడు కాలేజీ కాదని స్కూల్ నుంచే సంతకం చేస్తే, తర్వాత చదువుకి క్లబ్ ఎంత ఇస్తుందో కాంట్రాక్ట్‌లోనే రాయించుకోండి. ఆట మానేసిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టకపోతే ఆ డబ్బు పోతుంది.

ఇప్పుడు చేయాల్సింది కొంచెమే. డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై శ్రేణి) కాలేజీలకి 16 ముఖ్య సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. మీవాడు దానికన్నా చాలా పైన ఉంటేనే మంచి కాలేజీల తలుపులు తెరుచుకుంటాయి, మీవారు కోరుకునే కంప్యూటర్ సైన్స్ కూడా అప్పుడే కుదురుతుంది. కోచ్‌ల ముందు ఆడి చూపించే షోకేస్ క్యాంపుల పిలుపులన్నిటికీ డబ్బు కట్టకండి. వాటిలో చాలావరకు అందరికీ వెళ్లే ఈమెయిళ్లే. 60 గజాల పరుగు ఎన్ని సెకన్లలో తీస్తున్నాడో, షార్ట్‌స్టాప్ నుంచి ఫస్ట్ బేస్‌కి ఎంత వేగంతో విసురుతున్నాడో కొలిపించి, గ్రౌండ్ బాల్స్, బ్యాటింగ్ ఉన్న మూడు నిమిషాల వీడియో తయారు చేయించండి. పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 నుంచి కాలేజీ కోచ్‌లు నేరుగా వాడితో మాట్లాడొచ్చు. ఈలోపు ఒక మంగళవారం మీవారిని కూడా తీసుకుని ముగ్గురూ రఫ్‌రైడర్స్ ఆటకి వెళ్లండి. గేట్లు తెరవగానే లోపలికి వెళ్లి, ఆట మొదలయ్యేలోపు ఇన్‌ఫీల్డర్లు ఏం చేస్తున్నారో మీ అబ్బాయినే ఆయనకి వివరించమనండి.