ఐపీ65 బాక్సులోకి నీళ్లెలా వస్తున్నాయి?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద, షెడ్డు బయటి గోడకు ఏరేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) ప్యానెల్ బాక్సు పెట్టించాం. ఐపీ65 అని చూసే కొన్నాం. అయినా వాన పడ్డ రాత్రల్లా ఎంసీబీ (లోపముంటే కరెంటు ఆపేసే స్విచ్చు) పడిపోతోంది. తెల్లారి తలుపు తీస్తే లోపలంతా తడి. సందుల్లో సిలికాన్ పూసినా తగ్గలేదు. బాక్సు నకిలీదా?

జవాబు: బాక్సును అనుమానించే ముందు కేబుళ్లు ఎటు నుంచి దిగుతున్నాయో చూడండి. ఐపీ65లో 6 అంటే దుమ్ము చొరబడదని. 5 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా లోపలి సామానుకు హాని ఉండదని. ఆ హామీ కంపెనీ పంపిన బాక్సుకే. మనం డ్రిల్లుతో పైన బెజ్జం పెట్టాక, దాన్ని ఎంత బాగా మూశామన్నదే అసలు రేటింగు.

కేబుళ్లన్నీ అడుగు నుంచే రావాలి. బాక్సుకు ముందు ఒక్కో కేబుల్ కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకెక్కితే నీటిబొట్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. ఒక గ్లాండులో (కేబుల్ చుట్టూ బిగిసి బెజ్జాన్ని మూసే బిగింపులో) ఒకటే కేబుల్, అదీ గ్లాండు సైజుకు సరిపోయేది. రెండు గుండ్రటి కేబుళ్లు ఒకే గ్లాండులో దూరిస్తే మధ్యలో సందు మిగులుతుంది. ఎంత బిగించినా అది మూసుకోదు. వాడని బెజ్జాలకు ప్లగ్గులు కొట్టించండి. బల్లులు దూరేదీ అక్కడి నుంచే.

ఇక సిలికాన్. పూసినప్పుడు వెనిగర్ వాసన వచ్చిందా? ఆ రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే వాడాలి. అదైనా గ్లాండుకు బదులు కాదు.

ఇవన్నీ సరిచేశాక కూడా తడి కనిపిస్తే అది వాన నీరు కాకపోవచ్చు. పగలు బాక్సు వేడెక్కి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి చెరువు మీది తేమగాలిని లోపలికి పీలుస్తుంది. ఆ తేమే లోపల నీటిబొట్లవుతుంది. అడుగున బ్రీదర్ డ్రెయిన్ ప్లగ్ (గాలి ఆడుతూ నీరు కారిపోయే బిరడా) పెట్టిస్తే ఆ నీరు దిగిపోతుంది.

రాత్రి ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోయి పంటే పోతుందన్న మీ భయం నాకు అర్థమవుతుంది. అలాగని పెద్ద ఎంసీబీ వేయడం, తీగ చుట్టి నడపడం మాత్రం వద్దు. లైసెన్సున్న వైర్‌మన్‌ను పిలవండి. మెయిన్ ఆపి తాళం వేసి, తాళంచెవి పని చేసేవాళ్ల జేబులో ఉంచుకోమనండి. మీకు ఆటోస్టార్ట్ జనరేటర్ ఉంటే దాన్నీ ముందే మాన్యువల్‌కు మార్చాలి. కరెంటు పోయిందనుకుని అది తనంతట తానే లేస్తుంది. నియాన్ టెస్టర్‌ను నమ్మొద్దు. మల్టీమీటర్‌ను ముందు కరెంటున్న చోట చూసి, బాక్సులో చూసి, మళ్లీ కరెంటున్న చోట చూసుకోవాలి. ఇనుప బాక్సయితే తలుపుకూ విడిగా ఎర్త్ తీగ ఉండాలి, ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి ఉండాలి. త్రీఫేజ్ మోటార్లకు రెండు వేర్వేరు ఎర్తులు తప్పనిసరి.

ప్రశ్న: అదే బాక్సులో 5 హెచ్‌పీ మోటారుకు వేగం మార్చే డ్రైవ్, అంటే వీఎఫ్‌డీ పెట్టొచ్చా?

జవాబు: మూసిన బాక్సులో వద్దు. ఆ డ్రైవ్ ఫుల్ లోడ్ మీద సుమారు 100 వాట్ల వేడి వదులుతుంది. ఎండలో గోడ మీద ఆ వేడికి పోయే దారి ఉండదు. షెడ్డు లోపల, ఫిల్టర్ ఫ్యానున్న వేరే బాక్సులో పెట్టించండి.