మొదటి పేజీలోనే పొలుసులు వద్దు అబ్బీ

అబ్బీ,

సముద్రం ఒడ్డు ఊర్లో మనుషులు చేపల మాదిరి మారిపోయే నీ భయం కత వాట్సాప్‌లో వచ్చిన రాత్రే చదివేసినా. ఆ టైముకు కడపలో కరెంటు లేదు, చీకట్లో ఫోన్ పట్టుకోని చదివినందుకో ఏమో రెండు చోట్ల నిజంగానే ఒళ్ళు జలదరించింది. మిగతాదంతా తొందరే. మొదటి పేజీలోనే ఆ పిల్లోడి వీపు నిండా పొలుసులు, రెండో పేజీలో మెడకు మొప్పలు, ఇంక మూడో పేజీలో నేను దేనికి భయపడాల చెప్పు?

సాక్యులినా అని ఒక పరాన్నజీవి ఉంటాది. పీత, అదే మన ఎండ్రకాయ, దాని లోపలికి దూరి వేర్ల మాదిరి ఒళ్ళంతా పాకి, పొట్ట కింద గుడ్లుండే చోట తన సంచి పెడతాది. పీత అవి తన గుడ్లే అనుకోని శుభ్రం చేసుకుంటా కాపాడతాది, మగ పీతకు పట్టినా దాని పొట్ట ఆడదాని మాదిరి వెడల్పయి అదీ తల్లి లెక్కనే సాకుతాది. నాకు వేర్లకు భయం కాలేదు, ఆ సాకడానికి అయింది. నీ కతలో ఊరోళ్ళు రహస్యం దాస్తాండారు సరే, ఎందుకు దాస్తాండారో నీకే తెలిసినట్టు లేదు. దాన్ని సాకుతాండారని రాసి చూడు.

ఇంకోటి, మే నెలలో మరబోట్లను వేటకు పంపిస్తివి. మన కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వాటికి వేట నిషేధం. ఈ తప్పును వాడుకో. ఎప్పుడూ సముద్రం మీదుండే మొగుడు ఇప్పుడు పట్టపగలు పెండ్లాం ఎదురుగా కూర్చోని అన్నం తింటాండాడు, ముద్ద మింగినప్పుడల్లా మెడ పక్కన ఏదో సన్నగా తెరుచుకోని మూసుకుంటాండాది, ఆమె చూసి కూడా ఇంకో గరిటె పులుసు పోస్తాది. మొప్ప అనే మాట ఎత్తొద్దు.

సముద్రం చూడలేదని సిగ్గుపడతాండావు గానీ, నీళ్ళు మనిషిని మార్చేది మనకు కొత్తా? అనంతపురం పక్క మా మేనత్త వాళ్ళ ఊర్లో బోరు నీళ్ళ నిండా ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, ఆ లెక్క ఎవురికి తెలుసు అప్పుడు. మామ వెన్ను బిగుసుకుపోయి, పక్కకు చూడాలంటే మనిషి మనిషే తిరిగేవాడు. పిల్లోళ్ళ పండ్లకు గోధుమరంగు చారలు. ఊరంతా అట్లనే ఉంటే ఇంక వింతేముంది, ఎవురూ మాట్లాడేవాళ్ళే కాదు. వాళ్ళింటి పెండ్లి ఫోటో ఒకటి నా దగ్గరుండాది, దాంట్లో నలభై మంది దాకా ఉంటారు, ఒక్కరు కూడా నోరు తెరిచి నవ్వలా.

ఆదివారం రా, చూపిస్తా. వచ్చేటప్పుడు పొలుసులు తీసేసి మళ్ళీ రాసుకోని రా.