భోగిమంటలో ఎముకలు

అమలాపురం

తమ్ముడూ,

నీ భోగి కథ చదివాను. పిడకల దండలు, మంట పక్కన వేన్నీళ్ల బిందె, మంచులో కనపడని కొబ్బరితోట, అన్నీ బావున్నాయి. నా పేచీ ఒక్కచోటే. "బాన్‌ఫైర్ అంటే ఫ్రెంచి 'బాన్' నుంచి వచ్చింది, మంచి మంట అని అర్థం" అని కథ చెబుతూ నువ్వే తేల్చేశావు. అది తప్పు. ఆ 'బాన్' నిజానికి బోన్, ఎముక.

1483 నాటి ఒక ఇంగ్లీషు-లాటిన్ నిఘంటువులో ఈ మాట 'బేన్‌ఫైర్' అని ఉంది. లాటిన్ అర్థం 'ఎముకల మంట' అనే ఇచ్చారు. ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు మాండలికాల్లో ఎముకని 'బేన్' అనేవారు. జూన్‌లో సెయింట్ జాన్ పండగ ముందురోజు రాత్రి ఎముకలు పోగేసి కాల్చే ఆచారం అక్కడ ఉండేది. రానురాను పలకడంలో అచ్చు కురచైంది, ఎముక సంగతి జనం మరిచారు, ఆ సందులో ఫ్రెంచి కథ దూరింది. శామ్యూల్ జాన్సన్ అంతటివాడే 1755లో తన నిఘంటువులో 'మంచి మంట' అని రాశాడు. వ్యుత్పత్తి మరీ ఇంపుగా వినబడిందంటే పాత స్పెల్లింగు వెతుకు.

అలాగని ఆ వాక్యం కొట్టెయ్యకు. నీ కథలో రిటైరైన ఇంగ్లీషు మేష్టారున్నారుగా, ఆయన చేత అనిపించు. పాత్ర తప్పు చెప్పొచ్చు, కథకుడు చెప్పకూడదు. నన్నడిగితే మేష్టారికి అసలు సంగతి తెలిసే ఉండాలి. మనవలకి చెప్పబోతారు. భోగి పొద్దున్నే ఎముకల మాటెత్తితే మన వైపు ఊరుకుంటారా? మనకి ఎముకలంటే రాజమండ్రి కోటిలింగాల రేవు, మూటగట్టిన అస్థికలు. "పండగపూట ఆ మాటలేంటండీ!" అని వాళ్లావిడ కసురుతుంది. ఆయన ఓ క్షణం ఆగి, "మంచి మంటర్రా" అంటారు. ఇప్పుడా అబద్ధం కథకి పనికొస్తుంది.

1483నీ జాన్సన్‌నీ మాత్రం కథలోకి ఈడ్చుకురాకు, అవి నీ నోట్‌బుక్‌లో ఉంటే చాలు. ఇంకోటి, ప్రతి వాక్యం చివరా ఆ 'ఆయ్' ఎందుకు? సినిమాల్లో తప్ప మనవాళ్లెవరూ అన్నిసార్లు అనరు.

సంక్రాంతి సంచికలకి పంపాలనుకుంటే త్వరగా దిద్దు. పండగ దగ్గరపడ్డాక వచ్చిన కథలు ఎడిటర్లు విప్పి చూడరు.

మీ అన్నయ్య