ఒకే ఫొటో, ఇద్దరికి రెండు రంగులు ఎలా?

ప్రశ్న: 2015లో నెట్‌లో తెగ తిరిగిన ఆ గౌను ఫొటో మీద నాకూ మా అక్కకీ మళ్ళీ గొడవైంది. నాకు తెలుపు, బంగారు రంగు కనిపిస్తోంది, అక్కకి నీలం, నలుపు. ఒకే ఫోను, పక్కపక్కన కూర్చునే చూశాం. కళ్ళు టెస్ట్ చేయించుకోమని అక్క పోరు పెడుతోంది. నిజంగా నా కళ్ళలో ఏమైనా తేడా ఉందంటారా?

జవాబు: ఏం లేదమ్మా, కంగారుపడకండి. ఆ గౌను అసలు రంగు నీలమే, దాని మీద నల్ల లేసు, కాబట్టి గౌను వరకు అక్కదే కరెక్ట్. కానీ మీ కళ్ళు చేసిన తప్పేం లేదు. ఏదైనా వస్తువు మీంచి మన కంట్లోకి వచ్చే వెలుతురులో రెండు కలిసిపోయి ఉంటాయి, ఆ వస్తువు రంగు ఒకటి, దాని మీద పడే లైటు రంగు ఇంకోటి, ఈ రెండిటినీ విడదియ్యడం కంటి వల్ల కాదు, మెదడే చెయ్యాలి. తెల్లచొక్కా ఎండలోనూ తెల్లగానే ఉంటుంది, రాత్రి పసుపు బల్బు కిందా తెల్లగానే ఉంటుంది కదా, నిజానికి బల్బు కింద దాన్నించి వచ్చేది పసుపు వెలుతురే, మెదడు ఆ పసుపుని బల్బు ఖాతాలో రాసేసి మనకి చొక్కా మాత్రం తెల్లగా చూపిస్తుంది. ఆ ఫొటోలో చిక్కేంటంటే లైటు ఏ రంగుదో చెప్పే ఆనవాలు సరిగ్గా లేదు. గౌను నీడలో ఉంది, దాని మీద నీలం వెలుతురు పడుతోంది అనుకుంది మీ మెదడు, ఆ నీలాన్ని తీసేసింది, తెలుపు మిగిలింది. అక్క మెదడు పసుపు లైటు అనుకుని పసుపు తీసేసింది, నీలం మిగిలింది. పాస్కల్ వాలిష్ అనే పరిశోధకుడు వేలమందిని అడిగి 2017లో రాసిందేంటంటే, పొద్దున్నే లేచేవాళ్ళలో తెలుపు-బంగారం చూసేవాళ్ళు కాస్త ఎక్కువట, పగటి వెలుతురుకి అలవాటు పడ్డ మెదడు కదా మరి.

మా అమ్మ సంగతి చెప్తాను. అమ్మకి రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి, ముందు ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడు గోడ ముందు నిలబడి ఒక కన్ను మూసి చూసింది, తర్వాత రెండోది మూసి చూసింది, మళ్ళీ మళ్ళీ అదే పని, ఏంటమ్మా అంటే "ఈ కంటికి గోడ తెల్లగా ఉందిరా, ఆ కంటికి మాసిపోయిన పసుపు" అంది. ఆ పసుపు కొన్నేళ్ళుగా అక్కడే ఉంది, కంటిలోని లెన్సు ముదిరి పసుపెక్కితే అంతే, కానీ కొంచెం కొంచెంగా వచ్చింది కాబట్టి మెదడు సర్దుకుపోయింది, ఆపరేషన్ ముందు రోజు అడిగినా గోడ తెల్లగానే ఉంది అనేది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటాం, కామెర్ల సంగతేమో గానీ శుక్లం మాత్రం ఆ పని నిజంగానే చేస్తుంది, పైగా పోల్చుకోడానికి రెండో కన్ను బాగైతే తప్ప ఆ మనిషికే తెలీదు. నన్ను ఇప్పటికీ వదలని మాట అదే.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చదువుతున్నా. మనకి కనిపించేదంతా మెదడు తయారు చేసిందే అయితే నిజం అనేది అసలు ఉన్నట్టా లేనట్టా? అంతా మాయ అనుకోవచ్చా?

జవాబు: మొదటి సగం ఒప్పుకుంటా బాబూ, రెండోది ఒప్పుకోను. మొదటి సగానికి సాక్ష్యం ఇప్పుడే చూసుకోవచ్చు. కాగితం మీద ఎడంపక్క ఒక చిన్న ఇంటూ మార్కు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో ఒక నల్ల చుక్క పెట్టు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో ఆ ఇంటూనే చూస్తూ కాగితాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ జరుపు, దాదాపు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. కంటి నరం లోపల్నించి బయటికెళ్ళే చోట వెలుతురుని పట్టే కణాలు ఉండవు, చుక్క ఇలా మాయమవుతుందని ఎడ్మ్ మారియట్ అనే ఫ్రెంచి ఆయన 1660లలోనే కనిపెట్టాడు. సరే, ఇప్పుడు ఆ చుక్క మీదుగా ఒక అడ్డగీత గీసి మళ్ళీ చెయ్యి. చుక్క పోతుంది కానీ గీత తెగదు! లేని గీత ముక్కని మెదడు తనే గీసుకుంది. పుట్టిన దగ్గర్నించి ఆ కన్నం నీ ప్రతి చూపులోనూ ఉంది, ఒక్కరోజు కూడా నీకు ఖాళీ కనబడలేదు.

ఇక మాయ అనేవాళ్ళు చెప్పే తాడూ పాము కథ తీసుకో. చీకట్లో తాడు పాములా కనిపించింది, దీపం తెచ్చి చూస్తే తాడే. ఈ కథ చెప్పేవాళ్ళు పాము దగ్గరే ఆగిపోతారు, నాకు ముఖ్యం ఆ దీపం. తప్పు అంచనా వేసిన మెదడే ఇంకాస్త వెలుతురు దొరికితే దిద్దుకుంది కదా. దిద్దుకోని భ్రమలు కూడా ఉన్నాయనుకో, రెండు గీతలు సమానంగా గీసి ఒకదానికి చివర్లలో బాణం మొనలు లోపలికీ ఇంకోదానికి బయటికీ పెడితే (1889 నాటి ముల్లర్-లయర్ బొమ్మ ఇది) స్కేలు పెట్టి కొలిచాక కూడా ఒకటి పొడుగ్గానే కనిపిస్తుంది, తెలిసినా చూపు మారదు. అయినా స్కేలు ఉంది, నమ్మాల్సింది దాన్ని.

కంటికి అందని నిజాలు కూడా ఇలాగే దొరికాయి. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండని పట్టకంతో రంగులుగా విడగొట్టి ఒక్కో రంగు దగ్గర థర్మామీటరు పెట్టి వేడి చూస్తున్నాడు, ఎరుపు దాటిన తర్వాత కంటికి ఏమీ లేని చోట పెట్టినా వేడి ఎక్కింది, ఇన్‌ఫ్రారెడ్ అలా బయటపడింది. మన కంటికి కనపడేది తరంగదైర్ఘ్యం సుమారు 380 నించి 750 నానోమీటర్ల వరకు ఉన్న వెలుతురే, తేనెటీగ అతినీలలోహితం కూడా చూస్తుంది. మన కిటికీ చిన్నదే, కాదనను. కానీ బయట ఏమీ లేకపోతే ఆ థర్మామీటరుని వేడెక్కించింది ఎవరు?

ప్రశ్న: రోడ్డు మీద జరిగిన ఒక యాక్సిడెంట్ నేనూ తమ్ముడూ కలిసే చూశాం. వాడు కారు చాలా స్పీడ్‌గా వచ్చింది, అద్దం పగిలింది అంటాడు, నాకు అద్దం పగిలినట్టు గుర్తులేదు. వాడు అబద్ధం చెప్పే రకం కాదండీ.

జవాబు: అబద్ధం అవ్వక్కర్లేదండీ, జ్ఞాపకం కూడా చూపు లాంటిదే, తీసిన ప్రతిసారీ మెదడు మళ్ళీ కడుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్లు గుద్దుకునే ఫిల్ము చూపించి, కొంతమందిని "తగిలినప్పుడు స్పీడ్ ఎంత" అనీ కొంతమందిని "గుద్దుకుని నుజ్జయినప్పుడు స్పీడ్ ఎంత" అనీ అడిగారు. ఫిల్ము ఒకటే, మాట మారితే అంచనా సగటున గంటకి దాదాపు 32 మైళ్ళ నించి 40 దాటిపోయింది. ఇంకో ప్రయోగంలో ఫిల్ము చూసిన వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అని అడిగితే, నుజ్జు అనే మాట విన్న 50 మందిలో 16 మంది చూశాం అన్నారు, "గుద్దుకున్నప్పుడు" అనే మామూలు మాట విన్న 50 మందిలో 7గురు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు.

మీ తమ్ముడిని ఆ రోజు ఎవరు ఏ మాటతో అడిగారో ఒకసారి గుర్తు చేసుకోమనండి, మీరూ ఆలోచించండి. ఇకమీదట దాని గురించి ఇంట్లో మాట్లాడుకోవడం ఆపి ఎవరి కాగితం మీద వాళ్ళు రాసిపెట్టండి, మీరు ఎటువైపు నిలబడ్డారు, అక్కణ్ణించి కారు ముందుభాగం కనిపిస్తుందా లేదా అనేది కూడా రాయండి. ఎవరైనా అడిగితే రెండు కాగితాలూ ఇవ్వండి, ఒకటిగా కలిపి మాత్రం ఇవ్వకండి. అద్దం సంగతి కారు ఫొటో ఉంటే అదే చెప్తుంది.